అక్క మానేసిన గోంగూర

బెంగళూరు,
బుధవారం మధ్యాహ్నం

ఆ ఫోను కొట్టు బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కడం నువ్వు మానవు, వద్దని చెప్పడం నేను మానను. నిన్న "అక్కా, నీతో ఒక సంగతి మాట్లాడాలి" అన్నానో లేదో, అవతల ఎవరో "యూరియా లోడు ఎప్పుడొస్తదో కనుక్కోండి" అన్నాడు. నాకేం తెలుసు, నేను బెంగళూరులో స్కూలు బస్సు నడుపుకుంటున్నాను. బావ ఎరువుల కొట్లో ఉన్న నీతో మాట్లాడితే జగ్గయ్యపేట చుట్టుపక్కల రైతులందరితో మాట్లాడినట్టే. అందుకే అక్కా, కాగితం తీశాను. నీకు ఉత్తరం రాయడం నీ పెళ్ళయిన కొత్తలో ఒకసారి, మళ్ళీ ఇప్పుడు. అప్పుడు ఏడో తరగతి లెక్కల్లో తప్పానని, నాన్నకి నువ్వే నచ్చజెప్పాలని రాశాను. ఇప్పుడు రాసేది అంతకంటే కాస్త పెద్ద తప్పు. ఇది మన చిల్లకల్లు తాపీమేస్త్రి చేతికి ఇస్తున్నాను. అతను ఈ సాయంత్రం రైలెక్కుతాడు, రేపటికల్లా నీకు అందిస్తాడు. కళ్ళజోడు పెట్టుకుని, గదిలోకి వెళ్ళి, ఒక్కదానివే చదువు.

నీ ఒంట్లో ఎలా ఉంది? ఊరికే అడగడం కాదు, ఉత్తరమన్నాక అడగాలి కాబట్టి అడగడం కాదు. నిజంగానే అడుగుతున్నాను. ఎడమ కాలు ఎలా ఉంది? బావకి షుగరు అదుపులో ఉందా? ఉమ, నీ మనవడు నందిగామలో కులాసాగా ఉన్నారని ఫొటోల్లో చూస్తూనే ఉన్నాం. వాడికి అప్పుడే పది నెలలు వచ్చాయంటే నమ్మబుద్ధి కావడం లేదు.

మేం బాగున్నాం. నా గురించి బెంగపెట్టుకోకు. పొద్దున ఐదున్నరకి బస్సు తీస్తాను, తొమ్మిదికల్లా ఇంటికొస్తాను, మళ్ళీ రెండింటికి వెళ్ళాలి. ఇరవై ఏళ్ళు సిమెంటు లారీ నడిపినవాణ్ణి కదా, సిమెంటు బస్తాలు ఎదురు మాట్లాడవు. ఈ పిల్లలు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఇంగ్లీషులో నాకు డ్రైవింగు నేర్పుతారు. నేను అన్నిటికీ "ఓకే" అంటాను. అందుకని స్కూల్లో నాకు మంచివాడని పేరొచ్చింది. ఇక్కడ ఎండ లేదక్కా. మీరక్కడ మధ్యాహ్నం పూట తలుపులు బిడాయించుకుని కూర్చుంటారు, మేమిక్కడ దుప్పటి కప్పుకుంటాం. హాయిగానే ఉంది. కానీ సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి వారం పాయసమనుకున్నాను. నీ మరదలు ఇంట్లో మన వంటే వండుతుంది గనుక బతికిపోయాను. నిజంగా లోటేమిటంటే పోట్లాడటానికి మనిషి లేడు. కింద ఇంటాయన చాలా మర్యాదస్తుడు, ఏమన్నా ఒప్పుకుంటాడు. అలాంటివాడితో ఎంతసేపని మాట్లాడతాం.

ఇక అసలు సంగతి. నేను ఈ బస్సు పనిలో చేరేటప్పుడు ఆరోగ్య పరీక్ష అన్నారు. ఒక చిన్న ఆసుపత్రిలో ఒక డాక్టరు కాగితం ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా అడుగుతూ పోయాడు. బీపీ ఉందా? లేదు. షుగరు? లేదు. మందు, సిగరెట్టు? లేదు, లేదు. ఇంట్లో ఎవరికైనా జబ్బులు? లేవు. స్టాంపు పడింది. నేను లోపలికి వచ్చేటప్పుడు నా జేబులో సిగరెట్ల పెట్టె కనబడుతూనే ఉంది. ఆయన చూస్తేగా. నేను ఆ పెట్టెని నెల రోజులుగా ముట్టుకోలేదు, ఆ మాట నిజమే. కానీ ఆయన మెచ్చుకోవాలంటే ముందు చూడాలి కదా.

ఇప్పుడు మన స్వప్న సంగతి. దాని చంటిదానికి రెండేళ్ళు నిండాయి. రెండో బిడ్డకి ఇంకో రెండేళ్ళు ఆగుదామని అదీ అల్లుడూ అనుకున్నారు. దానికి మాత్రలు కావాలి. ఇలాంటివి ఆడబిడ్డకి రాయొచ్చా అని నీ మరదలు నా వెనకాల నిలబడి అడుగుతోంది. మా అక్క నా ముక్కు తుడిచిన మనిషి, ఆవిడ దగ్గర నాకు సిగ్గేమిటి అన్నాను. ఇక్కడ ఆ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్ళి గంటలు గంటలు కూర్చోనక్కర్లేదట. ఫోనులోనే ఒక యాప్ ఉంది, అందులో డాక్టరు. తెలుగు డాక్టరు కావాలంటే తెలుగు డాక్టరే వస్తుంది. నాకు ముందు అనుమానం వచ్చింది. మనిషిని ముట్టుకోకుండా వైద్యమేమిటి, నాడి ఎవరు చూస్తారు అన్నాను. స్వప్న "నీ నాడి ఎవరు చూశారు నాన్నా, స్టాంపు వేయించుకున్నప్పుడు?" అంది. ఆ పిల్ల నోరు అచ్చం నీదే.

అక్కా, ఆ ఫోను మందు ఇచ్చే ముందు అడిగిన ప్రశ్నలు నువ్వు వినాలి. నేను పెళ్ళి చూపుల్లో కూడా అన్ని వినలేదు. వయసెంత, బరువెంత, పాలు ఇస్తున్నావా, సిగరెట్టు తాగుతావా. అది చదివి స్వప్న నావైపు చూసింది. తలనొప్పి వస్తుందా, వచ్చే ముందు కళ్ళ ముందు మెరుపుల్లాగా గీతల్లాగా కనబడతాయా. కాలేయం జబ్బు ఉందా. వేరే మందులేమైనా వాడుతున్నావా. ఇవన్నీ నింపాక, ఇవాళే బీపీ చూపించుకుని ఆ అంకె పంపమంది. సరే అని నేనే దాన్ని మందుల షాపుకి తీసుకెళ్ళాను. నాలుగంతస్తులు దిగి, గబగబా నడిచి వెళ్ళామేమో, అంకె కాస్త ఎక్కువొచ్చింది. పంపింది. వెంటనే జవాబు వచ్చింది: "ఐదు నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద ఆనించండి. మాట్లాడకండి. మళ్ళీ చూపించుకోండి." అక్కడున్న స్టూలు మీద స్వప్న కూర్చుంది. లేచాక "కాపురానికొచ్చాక ఐదు నిమిషాలు ఖాళీగా కూర్చోవడం ఇదే మొదలు నాన్నా" అంది. రెండోసారి అంకె మామూలుగా ఉంది. ఎక్కడో కూర్చున్న మనిషి, మా పిల్ల మెట్లు దిగి వచ్చిందని అంకె చూసి పట్టుకుంది. ఆవిడ మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది.

ఆ సాయంత్రం నేను హాల్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. స్వప్న లోపలి గదిలో ఉంది. నా ఫోను టింగుమంది. చూస్తే, పది అడుగుల దూరం నుంచి నా కూతురే రాసింది. "నాన్నా, మీవైపు ఎవరికైనా కాళ్ళలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టిందా? ఫారంలో ఇదొక్కటే మిగిలింది." ఎదురుగా అడగడానికి దానికి మొహమాటం. నేను బఠాణీల చేత్తోనే "లేదు" అని కొట్టాను. క్షణం కూడా ఆలోచించలేదక్కా. ఆ మాట నా వేలికి అలవాటు. నీకూ అంతే. నాన్న మనకి అక్షరాల కంటే ముందు నేర్పిన జవాబు అది. సంబంధాల వాళ్ళు వస్తే తలకి తువ్వాలు బిగించి కట్టుకుని కూర్చుని "మా ఇంటావంటా తలనొప్పి కూడా లేదండీ" అనేవాడు, గుర్తుందా? ఆ తువ్వాలు ఎందుకు కట్టుకున్నాడో ఎవరూ అడగలేదు.

మర్నాడు పదకొండింటికి డాక్టరమ్మ వీడియోలోకి వచ్చింది. స్వప్న ఫోను కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చుంది. నేను వంటింట్లో నీళ్ళు తాగుతున్నాను, విందామని కాదు, వినబడింది. ఇంట్లో ఉన్నవే రెండు గదులు. ఫారంలో రాసినవన్నీ ఆవిడ మళ్ళీ ఒకటొకటిగా అడిగింది. చదివి వదిలేయలేదు. గడ్డల మాట రాగానే స్వప్న "ఎవరికీ లేదండి, నాన్నగారిని అడిగాను" అంది. ఆవిడ సరే అని ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు.

"ఆ మాట చాలామందికి తెలీదమ్మా. ఇంకోలా అడుగుతాను. మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరన్నా పోయారా?"

"మా చిన్నత్త పోయిందండి. కామెర్లు."

"ఎప్పుడు?"

"బాలింతగా ఉన్నప్పుడంట. నేను చిన్నదాన్ని."

ఆవిడ ఏదో రాసుకుంది. తరవాత "కామెర్లంటే కళ్ళు పచ్చబడ్డాయా? కాలేమన్నా వాచిందా? ఎవరైనా చెప్పగలరా?" అంది.

స్వప్న "నాన్నా" అని పిలిచింది.

అక్కా, మన చెల్లి సుశీల పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నందిగామలో కాలు చూసి డాక్టరు విజయవాడ తీసుకెళ్ళమన్నాడు. నేనే కదా కారు నడిపాను. వెనక సీట్లో దాని తల నీ ఒళ్ళో ఉంది. అక్కడ ఆ పెద్ద డాక్టరు, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని మనిద్దరికీ, నాన్నకీ మాత్రమే చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న చెప్పింది ఒకటే మాట, "కామెర్లని చెప్పండి. ఇంట్లో ఆడపిల్లలున్నారు." అప్పుడు ఉమకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు, స్వప్న ఇంకా నా భుజం మీద నిద్రపోయే పిల్ల. వాళ్ళ పెళ్ళిళ్ళ కోసం మనం కామెర్లన్నాం. తప్పని నేననడం లేదు. ఆ రోజుల్లో ఎవరైనా అదే అనేవాళ్ళు. అన్నీ అన్నాక మనం కూడా నమ్మేశాం.

నేను గదిలోకి వెళ్ళి, ఫోనులో ఆవిడకి నమస్కారం పెట్టి, "కామెర్లు కాదండీ" అన్నాను. స్వప్న నావైపు తిరిగి చూసింది. ఆ చూపు సంగతి ఇక్కడ రాయలేను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మంచి పని చేశారండి" అంది. చదువుకునే రోజుల్లో కూడా నన్నెవరూ ఆ మాట అనలేదు. తరవాత ఇంకో ప్రశ్న అడిగింది: "మీకు, మీ తోబుట్టువులకి ఎవరికన్నా కాలు వాచి చాలాకాలం మందులు వాడిన రోజులున్నాయా?"

"మా అక్కకి వాతమండీ. పన్నెండేళ్ళ కిందట ఎడమ కాలు బాగా వాచింది. విజయవాడలో చూపించుకుని వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది."

"రెండు కాళ్ళా, ఒక్కటేనా?"

"ఒక్కటే."

"పొట్ట మీద ఇంజెక్షన్లు చేశారా? మాటిమాటికీ రక్తం పరీక్షకి వెళ్ళేవారా?"

"అవి తెలీదండీ. మాకేం చెప్పలేదు."

"ఆకుకూరలు తినద్దన్నారా?"

నేను నవ్వాను. "తినద్దనలేదండీ, తనే మొక్కుకుంది. వేదాద్రి నరసింహస్వామికి ఆర్నెల్లు గోంగూర, తోటకూర, పాలకూర తిననని మొక్కు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే నవ్వు ఆగిపోయింది.

ఆవిడ మెల్లగా చెప్పింది. రక్తం పలచబడటానికి ఒక మాత్ర ఇస్తారట. ఆకుకూరలు ఎక్కువైతే అది సరిగ్గా పనిచేయదట, అందుకని తగ్గించమంటారట. "చూడకుండా నేను ఖాయంగా చెప్పను. ఆవిడ పాత కాగితాలు ఉంటే ఒక్కసారి చూపించండి" అంది.

అక్కా, నువ్వు గోంగూర మానేశావంటేనే నాకు అనుమానం రావాల్సింది. స్వామి ఎవరినైనా తల నీలాలు అడుగుతాడు, నిలువు దోపిడీ అడుగుతాడు. సరిగ్గా విజయవాడ వెళ్ళొచ్చిన మర్నాడే తోటకూర దగ్గర నుంచి లెక్కపెట్టి అడుగుతాడా? ఆర్నెల్లూ మా ఇంటికొచ్చినప్పుడల్లా అందరం పచ్చడి కలుపుకుని తింటుంటే నువ్వు మజ్జిగన్నం తిన్నావు. నేను నీ ఎదురుగా కూర్చుని, ఇది స్వామికి దక్కాల్సిన వాటా అని నీ ముద్ద కూడా తిన్నాను. ఆ ఏడాది ఉమకి సంబంధాలు చూస్తున్నారు. నాకిప్పుడు అర్థమైంది. కాలు నొప్పి పెట్టుకుని, రక్తం పరీక్షలకి ఒక్కదానివే బస్సెక్కి వెళ్ళి వచ్చి, ఎవరికీ చెప్పకుండా, మొహం మామూలుగా పెట్టుకుని వచ్చిన వాళ్ళకి కాఫీలిచ్చావు. నేను లారీలో నందిగామ మీదుగా వారానికి నాలుగుసార్లు వెళ్ళేవాణ్ణి, నాకన్నా చెప్తే దింపేవాణ్ణి. నీ గుండె నిబ్బరానికి దణ్ణం పెట్టాలి. వెక్కిరించడం లేదు, నిజంగానే రాస్తున్నాను.

అయితే ఆవిడ తరవాత అడిగిన ప్రశ్న కోసమే ఈ ఉత్తరం. "మీ అక్కగారికి కూతుళ్ళున్నారా?"

"ఒకతే. ఉమ."

"మీ అమ్మాయికి ఆవిడ మేనత్త అవుతారు. ఆ అమ్మాయికి కన్నతల్లి. నాకు ఆ అమ్మాయి గురించే ఎక్కువ ఆలోచన. ఇలాంటి మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి ఎవరో ఒక డాక్టరుకి ఈ సంగతి చెప్పి తీరాలి."

అప్పుడు స్వప్న నోరు విప్పింది. ఉమ కూడా ఇదే యాప్‌లో మాత్రలు తీసుకుందామని మొన్న దీనితో పాటే ఫారం నింపిందట. గడ్డల ప్రశ్న దగ్గర "మా అమ్మకి ఏం లేదు స్వప్నా, కాస్త వాతం, అంతే" అని లేదు మీద నొక్కిందట. ఇంకా డాక్టరుతో మాట్లాడలేదు. ఈలోగా నందిగామలో మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఒక అట్ట ఇచ్చారట. అది ఇంకా వేసుకోలేదట. వచ్చే నెల నుంచి మొదలుపెడదామని బీరువాలో పెట్టుకుందట. స్వప్న నిన్ననే ఫోను చేసి "వదినా, నేను ఆగుతున్నాను, నువ్వూ ఆదివారం దాకా ఆగు" అని చెప్పింది. ఎందుకని అడిగితే ఏదో సర్దిచెప్పింది. అది నీ మాట గనుక, నువ్వు చెప్పాల్సింది గనుక మేం చెప్పలేదు.

స్వప్న విషయంలో డాక్టరమ్మ ఏం చేసిందంటే, అది అడిగిన మాత్ర రాయలేదు. అందులో ఉండే ఒక రకం హార్మోను గడ్డలకి దారి తీయొచ్చట, అందరికీ కాదు, మనలాంటి ఇళ్ళలో జాగ్రత్త పడాలట. అది లేని మాత్రలు వేరే ఉన్నాయట, లూప్ ఉందట. ముందు ఇక్కడే ఆసుపత్రిలో ఒక డాక్టరుని కలిసి, రక్త పరీక్షలు అవసరమేమో కనుక్కుని, అప్పుడు చూద్దామంది. "భయపడాల్సిందేం లేదండీ. తెలిస్తే వేరే దారులు బోలెడున్నాయి. తెలియకపోతేనే ఇబ్బంది" అంది. మందు ఇచ్చే డాక్టర్లని చాలామందిని చూశాను. ఇవ్వకుండా ఇంత సేపు మాట్లాడిన డాక్టరుని మొదటిసారి చూశాను. నాకు మా లారీ రోజుల్లో ఒక మెకానిక్కు ఉండేవాడు, బండి స్టార్టయినా సరే చప్పుడు నచ్చకపోతే వదిలేవాడు కాదు. ఆ జాతి మనిషి ఈవిడ.

ఫోను పెట్టేశాక స్వప్న నాతో పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. నా దగ్గరకొచ్చి కూర్చుని, "చిన్నత్త ఎలా ఉండేది నాన్నా?" అంది. రెండింటికి బస్సు తీయాలని చూసుకుంటూనే గంట సేపు చెప్పాను. అది నవ్వేది, పాడేది, సైకిలు తొక్కుతూ పడిపోయేది, అన్నీ. జబ్బు దాచామనుకున్నాం అక్కా. జబ్బుతో పాటు దాన్ని కూడా దాచేశాం.

కాబట్టి నా కోరికలు. ఒకటి, నీ పాత కాగితాలు ట్రంకుపెట్టెలోనో, దేవుడి పటాల వెనకో ఎక్కడో ఉంటాయి, పారేసే మనిషివి కాదు. ఫొటో తీసి స్వప్నకి పంపు. తీయడం రాకపోతే ఉమ చేత తీయించు. దాంతో రెండో కోరిక కూడా తీరుతుంది. ఉమకి నువ్వే చెప్పు. దాని పెళ్ళయి కొడుకు కూడా పుట్టాడు, ఇప్పుడు దాచి కాపాడాల్సింది ఏదీ మిగల్లేదు. అది కోప్పడితే పడనీ. నీ కూతురే కదా, సాయంత్రానికి అన్నం తిన్నావా అని అదే అడుగుతుంది. బావకి చెప్తావో లేదో నీ ఇష్టం, ఆయనకి ఎప్పుడో తెలుసని నా అనుమానం. నీకు ఇబ్బందనిపిస్తే నన్ను రమ్మను, శని, ఆదివారాలు బస్సు లేదు, రైలెక్కి వస్తాను, పక్కన కూర్చుంటాను. మూడోది, పండుమిరప పచ్చడి ఒక సీసా, మేస్త్రి తిరిగి వచ్చేటప్పుడు.

బావకి నా నమస్కారాలు చెప్పు. యూరియా సంగతి నాకు తెలిస్తే రాస్తానని ఆ రైతుకి చెప్పు. పసివాడికి మా ముద్దులు. నీ మరదలు, స్వప్న నీ కాళ్ళకి దణ్ణం పెడుతున్నారు. ఎడమ కాలికి నేను కూడా వేరేగా పెడుతున్నాను. నువ్వు మనసులో ఏం పెట్టుకోకు, నీ మీద మాకు ఎవ్వరికీ కోపం లేదు, నువ్వు బాగుండాలి, అంతే. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో నీకు ఎవరూ తోడు లేకపోవడం ఒక్కటే నా మనసులో

ఉండు, స్వప్న పిలుస్తోంది. ఉమ ఫోను చేసిందట. తనని ఎందుకు ఆగమన్నామో నిజం చెప్పమంటోందట, స్వప్న చెప్పకపోతే మామయ్యకి ఇవ్వమందట. నువ్వు చెప్పేదాకా ఆగుదామనే ఉంది అక్కా, కానీ ఆ పిల్ల నన్ను సూటిగా అడిగితే నేను